వరాహగిరి వేంకటగిరి: దాస్యశ్రమపై ఆయన భావములు, ప్రాంతబంధముల ప్రభావము

వరాహగిరి వేంకటగిరి (1894–1980) భారత గణతంత్రమునకు నాల్గవ రాష్ట్రపతిగా లోకమునకు తెలిసినవాడు. కాని రాష్ట్రపతి భవనమునకు చేరుటకు చాల పూర్వమే, బెంగాల్–నాగపూర్ రైల్వే కార్మికుల నాయకుడుగా ఆయన పేరు ఖరగ్‌పూరు మొదలు వాల్తేరు వరకు గల ప్రతి రైల్వే కాలనీలోను మారుమ్రోగినది. ఆయన ముఖ్యరచనలు పారిశ్రామిక సంబంధములను, కార్మిక సమస్యలను గూర్చినవే యైనను, మనుష్యుని శ్రమ ఎంతవరకు స్వేచ్ఛాశ్రమ యగును, ఎచ్చట అది దాస్యముగా మారును అను ప్రశ్న ఆయన ప్రజాజీవితమంతటను అంతర్వాహినిగా సాగినది. ఆ ప్రశ్నకు ఆయన యిచ్చిన సమాధానము గంజాము మండలమున అంకురించి, డబ్లిన్ నగరమున పదునెక్కి, ఖరగ్‌పూరు రైల్వే పట్టణమున పరీక్షకు నిలిచినది. ఆ సమాధానపు బలమును, అందలి లోపమును గూడ ఆయన పుట్టిపెరిగిన ప్రాంతమే నిర్ణయించినదని ఈ వ్యాసకర్త అభిప్రాయము.

నాయకుల దాస్యభావములను వారి జన్మభూములతో ముడిపెట్టి చూచుట చరిత్రకారులకు క్రొత్త గాదు. వర్జీనియా పొగాకు క్షేత్రముల నడుమ పెరిగిన థామస్ జెఫర్సన్ 1776లో మానవులందరు సమానులుగా సృష్టింపబడిరని ప్రకటించియు, జీవితాంతము వందలకొలది బానిసలకు యజమానుడుగనే యుండెను. కెంటకీలో జన్మించిన లింకన్ 1863లో విముక్తి ప్రకటన గావించినపుడు, యుద్ధమున తమ పక్షము వీడకుండ నిలిచిన కెంటకీ వంటి సరిహద్దు రాష్ట్రములను దాని పరిధినుండి తప్పించెను. మన దేశమున దాస్యము వేరొక రూపము దాల్చినది. 1843 నాటి అయిదవ చట్టము బానిసత్వమునకు న్యాయస్థానముల గుర్తింపును తొలగించెను. 1862లో అమలులోనికి వచ్చిన శిక్షాస్మృతి మనుష్యుల క్రయవిక్రయములను నేరముగా పేర్కొనెను. అంతటితో బానిస అను పేరు న్యాయగ్రంథములనుండి పోయినది గాని, అప్పుపత్రముచేతను, బయానా సొమ్ముచేతను, వ్రేలిముద్రచేతను కట్టువడిన కూలీ అట్లే మిగిలెను. గిరి తన జీవితమంతయు ఎదుర్కొన్నది ఈ రెండవ తరగతి దాస్యమును.

గంజాము నేల, గోపాలపురము రేవు

గిరి 1894 ఆగస్టు 10వ తేదీన బరంపురమున జన్మించెను. నాడు ఆ పట్టణము మద్రాసు రాజధానిలో గంజాము మండలమునకు చెందినది. తెలుగు, ఒడియా భాషలు ఒకే వీధిలో వినబడు తావు. తండ్రి జోగయ్య పంతులు న్యాయవాది, పిదప కేంద్ర శాసనసభా సభ్యుడు. తల్లి సుభద్రమ్మ జాతీయోద్యమమున పాల్గొని కారాగారవాసము అనుభవించిన ధీర. కుటుంబపు పూర్వులది గోదావరి సీమ యైనను, గిరి లోకజ్ఞానమంతయు ఉత్తరపు సరిహద్దు జిల్లాలలో ఏర్పడినది.

ఆ జిల్లాలు వలసల జిల్లాలు. వర్షము తప్పినయేట గంజాము, విశాఖ మండలముల రైతుకూలీకి సముద్రమే దిక్కు. 1866 నాటి మహాక్షామము గంజామును ఊపివేసినది. తరువాతి దశాబ్దములలోను కరవులు తప్పలేదు. అంతకు పూర్వమే, బ్రిటిషు వలసదేశములలో నీగ్రో బానిసత్వము 1834లో రద్దు కాగా, మారిషస్ చెరకుతోటలకు కూలీల కొరత కలిగెను. ఆ కొరతను తీర్చిన తొలి తావులలో గోదావరీ ముఖద్వారమునందలి కోరంగి రేవు ఒకటి. కోరంగినుండి వెళ్లినందున పరదేశములలో తెలుగువారందరును కోరంగీలనియే పిలువబడిరి. 1860లో మద్రాసునుండి బయలుదేరిన ట్రూరో అను ఓడ నవంబరు 16న డర్బన్ రేవు చేరుటతో నేటాలు వలస ఆరంభమైనది. క్రమముగా గంజాము, విశాఖ మండలముల జనులు అనేకులు ఆ దారిని పోయిరి. అయిదేండ్ల ఒడంబడిక, గడువు తీరునంతవరకు తోట విడిచి పోరాదు, పనికి రానినాడు కూలి కోత, పారిపోయిన జైలు.

బరంపురమునకు పదిమైళ్ల దూరముననున్న గోపాలపురమున ఓడలు ఒడ్డునకు వచ్చుటకు తగిన లోతు లేదు. రంగూను పోవు స్టీమరు కెరటములకు ఆవల లంగరు దించి నిలిచెడిది. నారతో కుట్టిన మసూలా పడవలలో కూలీలను ఎక్కించి, తెడ్లవాండ్రు కెరటముల విరుగుడు చూచి పడవను త్రోసెడివారు. మూటలు, పాత్రలు, బిడ్డలు, వృద్ధులు తడిసి ముద్దగా స్టీమరు ప్రక్కకు చేరుకొని, పైకి ఎక్కుదురు. వారిలో పలువురి ప్రయాణపు ఖర్చు కూలీలను కుదుర్చు మేస్త్రీ చెల్లించినదే. ఆ సొమ్ము తీరువరకు రంగూను ఒడ్డున వారి కూలి మేస్త్రీ చేతిమీదుగనే రావలెను. రంగూను రేవులో తెలుగు జట్టుకూలీల స్థితి ఎంత దుర్బలమో, 1930 మే నెలలో ఓడకూలి తగవు బర్మీయులకును తెలుగువారికిని నడుమ భయంకరమగు అల్లర్లుగా పరిణమించినపుడు లోకమునకు వెల్లడి యాయెను.

దేశములోపలి వలస సైతము ఇంతకంటె మెరుగు గాదు. అస్సాము తేయాకు తోటలకు ఈ జిల్లాలనుండియు కూలీలు పోయిరి. వారిని కట్టివేసిన వానిలో 1859 నాటి శ్రామిక ఒప్పంద భంగ చట్టము ముఖ్యము. బయానా తీసికొని పని మానినవానిని యజమానుడు మేజిస్ట్రేటు ఎదుట నిలువబెట్టవచ్చును; సొమ్ము తిరిగి యిమ్మనియో, పని పూర్తి చేయుమనియో ఆజ్ఞ యగును; ఆజ్ఞ మీరిన మూడు నెలల వరకు ఖైదు. సామాన్యముగా ఒప్పందభంగము సివిలు వ్యాజ్యము; కూలీ విషయమున మాత్రము అది నేరము. ఈ చట్టమును రద్దుచేయు శాసనము 1925లో గాని రాలేదు. ప్లీడరు ఇంట పుట్టి, తానును న్యాయవాది కానున్న యువకునకు, కాగితముపై స్వేచ్ఛగా వ్రాసిన ఒడంబడిక మనుష్యుని ఏరీతి బంధింపగలదో తెలియుటకు ఇంతకు మించిన పాఠశాల అక్కరలేదు.

డబ్లిన్ నగరము

1913లో గిరి న్యాయశాస్త్రము చదువుటకు ఐర్లండు చేరెను. ఆ సంవత్సరమున రెండు మహాసంఘటనలు ఒకేసారి నడుచుచుండెను. డబ్లినులో యజమానులు, లార్కిన్ నడుపుచున్న రవాణా కార్మిక సంఘములో చేరబోమని సంతకము చేయని పనివాండ్రను వేలకొలదిగా బయటికి త్రోసి తలుపులు మూసిరి; ఆగస్టులో మొదలైన ఆ లాకౌటు మరుసటి ఏడు ఆరంభమువరకు సాగెను. అదే శరదృతువున దక్షిణాఫ్రికాలో నేటాలు గనికార్మికులు పని మాని గాంధీమహాత్ముని వెంట ట్రాన్స్‌వాలు సరిహద్దు దాటి నడచిరి. నాటి సత్యాగ్రహ కారణములలో మూడు పౌనుల పన్ను ముఖ్యము: ఒడంబడిక గడువు ముగిసిన కూలీ తిరిగి ఒడంబడిక వ్రాయవలెను, లేదా దేశమునకు మరలవలెను, లేదా ఏటేట తలకు మూడు పౌనులు చెల్లించవలెను. విముక్తుడైనవానిని మరల కట్టుటకు ఇంతకంటె తేటయైన ఉపాయమును ఏ ప్రభుత్వమును కనిపెట్టి యుండదు. ఆ పన్ను 1914లో రద్దాయెను.

డబ్లినులోని భారతీయ విద్యార్థులు దక్షిణాఫ్రికా భారతీయుల బాధలను వర్ణించు కరపత్రమును ప్రచురించిరి. గిరి వారిలో ఒకడు. ఆ పత్రము ఆంగ్ల గూఢచారిశాఖ కంటబడి, వారిమీద నిఘా బలపడెను. అదే కాలమున ఆయన లండనులో గాంధీజీని దర్శించెను. గిరి చదివిన యూనివర్శిటీ కళాశాలలో ఆంగ్లము బోధించిన తామస్ మెక్‌డోనా, ఐరిషు కార్మికనాయకుడు జేమ్స్ కాన్నలీ, ఇరువురును 1916 ఈస్టరు తిరుగుబాటు ప్రకటనపై సంతకము చేసి మరణశిక్షకు గురియైరి. విప్లవకారులతో సంబంధమున్నదను అనుమానమున గిరికిని దేశము విడిచిపొమ్మని ఆజ్ఞ వచ్చెను. బారిస్టరు చదువుకై పోయినవాడు కార్మికోద్యమ దీక్షతో తిరిగివచ్చెను. గంజాము కూలీ ఒంటరిగా వ్రేలిముద్ర వేయుటను చిన్ననాటనుండి ఎరిగిన గిరికి, డబ్లినులో ఆ ఒంటరితనమునకు విరుగుడు కనబడినది: అది సంఘము. ఒడంబడికకు ఒకవైపున కంపెనీయు, రెండవవైపున ఆకలిగొన్న ఒక్క మనుష్యుడును ఉన్నంతకాలము దానికి స్వేచ్ఛ అను పేరు చెల్లదనియు, వేలమంది ఒక్కటిగా ఎదుట నిలిచినపుడే బేరము బేరమగుననియు ఆయన తరువాతి కార్యక్రమమంతయు చాటుచున్నది.

ఖరగ్‌పూరు

బెంగాల్–నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడినది. పందొమ్మిదవ శతాబ్ది చివరి సంవత్సరములలో మేదినీపురము జిల్లాలోని ఖరగ్‌పూరు ఆ కంపెనీకి కూడలి స్టేషను అయినది. 1904 నాటికి అచ్చట పెద్ద వర్క్‌షాపు పని మొదలిడెను. 1902లో తూర్పుకోస్తా రైలుమార్గపు ఉత్తరభాగము, అనగా కటకమునుండి వాల్తేరు వరకు గలది, ఈ కంపెనీ చేతికి వచ్చుటతో తెలుగు జిల్లాలకును ఖరగ్‌పూరునకును తిన్నని త్రోవ ఏర్పడెను. ఇచ్ఛాపురము, పలాస, నౌపడ, చీపురుపల్లి ప్రాంతముల యువకులు, ఇదివరకు గోపాలపురమునకో కళింగపట్టణమునకో పోయి ఓడ ఎక్కవలసినవారు, ఇపుడు రైలెక్కి ఉత్తరమునకు పోయిరి. ఈ రైలుమార్గముననే బరంపురమును ఒక స్టేషను. అందుచేత గిరికి ఖరగ్‌పూరు దూరదేశము గాదు. తన జిల్లాల జనమే అచ్చట ఖలాసీలుగా, గ్యాంగుకూలీలుగా, ఫిట్టర్లుగా, కమ్మరులుగా బ్రదుకుచుండిరి. తెలుగున మాటలాడి, వారి ఊరు పేరు చెప్పగనే దాని పొరుగూరు పేరు చెప్పగల నాయకుడు వారికి దొరకెను.

నేడు ఓల్డ్ సెటిల్‌మెంటు అని పిలువబడు పేట ఆ తొలి రైల్వే పట్టణపు భాగము. న్యూ సెటిల్‌మెంటు, మథురాకాటి, నింపురా, ఛోటా టెంగ్రా మున్నగునవి దాని సోదరపేటలు. ఒకే తీరున కట్టిన ఇటుక క్వార్టర్ల వరుసలు, వరుసకు వరుసకు నడుమ సన్నని దారులు, దారికొనను చెట్టునీడ. క్వార్టరు ఎట్టిదో ఉద్యోగపు తరగతి నిర్ణయించును. దొరలకును ఆంగ్లో ఇండియనులకును విశాలమైన బంగళాలు, ఖలాసీకి ఇరుకు గదులు. ఇల్లు కంపెనీది, ఆసుపత్రి కంపెనీది. సైరను కూతతో ఊరంతయు మేల్కొనును. వర్క్‌షాపు ద్వారము దగ్గర లోహపు బిళ్ళ తీసికొని లోనికి పోవలెను. ఆలస్యమైన బిళ్ళ దొరకదు, బిళ్ళ లేనినాడు కూలి లేదు. ఉద్యోగము పోయినవానికి దానితోబాటు ఇల్లును పోవును. శ్రీకాకుళపు పల్లెలో ఎకరమో అరయెకరమో తాకట్టుపెట్టి వచ్చిన కుటుంబమునకు, ఈ రెండును ఒక్కనాడే పోయిన ఎచ్చటికి పోవలెనో తెలియదు. ఈ కట్టుబాటును బానిసత్వమని అనుట అతిశయోక్తి. రైల్వే ఖలాసీకి నెల జీతముండెను, ఊరికి పోవుటకు పాసు ఉండెను, పని మానివేయు హక్కు ఉండెను. నేటాలు తోటకూలీకి ఇవి లేవు. అయినను ఆశ్రయము, అన్నము, వైద్యము ఒకే చేతిలో నుండుటచేత ఆ చేతిని ఎదిరించుట సామాన్యునకు దుస్సాధ్యమని మాత్రము నిర్వివాదము.

పంజాబుదనుక వ్యాపించిన రైల్వే కార్మికసంఘములను ఒక్కత్రాటిపైకి తెచ్చిన అఖిలభారత రైల్వేమెన్ సమాఖ్య 1920 దశకమున ఏర్పడినది. గిరి దాని స్థాపకులలో ఒకడై దశాబ్దమునకు పైగా ప్రధాన కార్యదర్శిగా పనిచేసెను. 1926లో అఖిలభారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసునకు అధ్యక్షుడాయెను. ఆ సంవత్సరముననే ట్రేడ్ యూనియను చట్టము వచ్చి, సంఘమును స్థాపించుట న్యాయసమ్మత మయ్యెను. ఆ ట్రేడ్ యూనియన్ కాంగ్రెసునకు అధ్యక్షత వహించిన మరియొక మహనీయుడు సి.ఎఫ్. ఆండ్రూస్. ఫిజీ ద్వీపములకు 1915లో పోయి, తన మిత్రుడు పియర్సనుతో గూడి ఒడంబడిక కూలీల దుర్గతిని లోకమునకు చాటి, 1917లో ఆ వలస నిలిచిపోవుటకు దోహదము చేసిన మనుష్యుడే దశాబ్దము తిరుగకమునుపే భారత కార్మికోద్యమపు అగ్రపీఠమున కూర్చుండెను. ఒడంబడిక వలస వ్యతిరేకోద్యమమును కార్మికసంఘోద్యమమును వేరువేరు ప్రకరణములుగ వ్రాయు అలవాటు మన చరిత్రలందు గలదు. ఆండ్రూసును గిరిని ఒక్కచోట చూచిన, ఇవి ఒకే ప్రవాహపు రెండు పాయలని తోచును.

1927 సంవత్సరము ఖరగ్‌పూరునకు అగ్నిపరీక్ష. ఫిబ్రవరిలో కార్మికులు సమ్మె ప్రారంభింపగా, పోలీసులును, రైల్వేలోని యూరోపియను, ఆంగ్లో ఇండియను ఉద్యోగులతో కూడిన సహాయక సైన్యమును బలప్రయోగము చేయుటచే పలువురు కార్మికులు గాయపడిరి. మార్చిలో సమ్మె విరమింపబడెను. ఆ వేసవిలో గిరి భారత కార్మిక ప్రతినిధిగా జినీవాలో అంతర్జాతీయ కార్మిక సమావేశమునకు పోయివచ్చెను. శరత్కాలమున కంపెనీ పొదుపు పేర వర్క్‌షాపు పనివారిని పెద్దసంఖ్యలో తొలగింప సంకల్పింపగా మరల కలహము రేగెను; కంపెనీ ద్వారములు మూసివేసెను; డిసెంబరు వరకు లాకౌటు సాగెను. డబ్లినులో విద్యార్థిగా చూచిన మూసిన ద్వారములు గిరి ఎదుట ఖరగ్‌పూరున మరల మూయబడినవి. ఈసారి ఆయన ప్రేక్షకుడు గాడు. నెలల తరబడి జీతము లేక, క్వార్టరు ఖాళీ చేయవలసివచ్చునను భీతితో, వేలకొలది కుటుంబములు శాంతియుతముగా నిలిచినవి. తుదకు యాజమాన్యము కార్మికుల కోర్కెలను కొన్నింటిని అంగీకరింపక తప్పలేదు. సంఘమునకు కలిగిన ప్రధాన లాభము కంపెనీ సంఘముతో మాటలాడవలసి వచ్చుట. గిరి దృష్టిలో స్వేచ్ఛాశ్రమకు మొదటి గుర్తు అదియే.

ఖరగ్‌పూరు తెలుగువారు వచ్చినవారు వచ్చినట్లే తిరిగిపోలేదు. మూడు నాలుగు తరములుగ అచ్చటనే నిలిచి, తెలుగు బడులు నెలకొల్పుకొని, ఏటేట అమ్మవారికి మాతాపూజ జరుపుకొనుచు, బెంగాలీని, హిందీని, తెలుగును ఒకే సంభాషణలో కలుపుచు బ్రదుకుచున్నారు. 2020 డిసెంబరులో పశ్చిమబంగ మంత్రివర్గము తెలుగునకు అధికారభాషా ప్రతిపత్తి నిచ్చుటకు ఆమోదము తెలిపినపుడు, అందులకు ఈ పట్టణపు తెలుగు జనసంఖ్యయే ముఖ్యకారణము.

కమిషను, మంత్రిపదవి, సింహళము

1929లో విట్లీ అధ్యక్షతన రాజ కార్మిక కమిషను నియమింపబడినపుడు, దానిని బహిష్కరింపవలెనని ట్రేడ్ యూనియన్ కాంగ్రెసులోని వామపక్షము పట్టుబట్టెను. గిరి, ఎన్.ఎం. జోషి మొదలగువారు విడిపోయి ట్రేడ్ యూనియన్ సమాఖ్యను స్థాపించి కమిషనుతో సహకరించిరి. అందులకు వారికి మితవాదులను నింద వచ్చెను. కాని కమిషను నివేదిక కర్మాగారములలో మేస్త్రీల లంచగొండితనమును, కూలీల ఋణభారమును బయటపెట్టుటయేగాక, తల్లిదండ్రులు బయానా తీసికొని పసిబిడ్డల శ్రమను కుదువపెట్టు దురాచారమును వెల్లడించెను. దాని ఫలితముగా 1933లో శిశుశ్రమను తాకట్టుపెట్టుటను నిషేధించు చట్టము వెలువడినది. ఋణదాస్యమును పేరుపెట్టి శిక్షార్హముగ చేసిన తొలి అఖిలభారత చట్టములలో ఇది ఒకటి; ఆనాటి సహకారమును నిందించినవారు దీనిని లెక్కలోనికి తీసికొనలేదు.

1937 ఎన్నికలలో గిరి బొబ్బిలి నియోజకవర్గమున బొబ్బిలి రాజాను ఓడించి, రాజాజీ మంత్రివర్గమున కార్మిక, పరిశ్రమల మంత్రి యాయెను. జమీందారీల గడ్డమీద జమీందారునే ఓడించుట ఉత్తరాంధ్రమున ఒక యుగము మారినదనుటకు నిదర్శనము. 1946లో ప్రకాశము పంతులు మంత్రివర్గమునను ఆయన పనిచేసెను. 1947 నుండి 1951 వరకు సింహళమున భారత హైకమిషనరుగా ఉండెను. అచ్చటి తేయాకు తోటలలోని తమిళ కూలీల పూర్వులను కంకాణీలను కూలిమేస్త్రీలు తెచ్చిరి. కంకాణీకి బాకీయున్న కూలీ ఒక తోటనుండి మరియొక తోటకు పోవలెనన్న, బాకీ మొత్తము వ్రాసిన తుండు అను చీటీ వెంటబోవలసియుండెను. క్రొత్త తోట ఆ బాకీని కొని కూలీని పొందెడిది. ఆ పద్ధతి 1921లోనే రద్దయినను, తోటకూలీల అస్వతంత్రత మాయలేదు. 1948 నాటి సింహళ పౌరసత్వ చట్టము వారిలో అత్యధికులను పౌరులు గానివారిగా చేసెను. ఆ కాలమున భారత ప్రతినిధిగా నున్న గిరి, గోపాలపురము రేవున పడవెక్కినవారి వంటివారే మూడు తరముల పిమ్మట ఏ దేశమునకును చెందకపోవుటను కన్నులార చూచెను.

1952లో పాతపట్నమునుండి లోక్‌సభకు ఎన్నికై కేంద్ర కార్మికశాఖ వహించిన గిరి, తగవులను నిర్బంధముగా న్యాయమండలులకు అప్పగించుటను వ్యతిరేకించి, యాజమాన్యమును సంఘమును ఎదురెదురుగ కూర్చుండి పరిష్కరించుకొనవలెనని వాదించెను. ఇదియే గిరి పద్ధతి అని ప్రసిద్ధి కెక్కినది. బ్యాంకు ఉద్యోగుల తీర్పును ప్రభుత్వము సవరించుటకు నిరసనగా 1954లో పదవిని వీడెను. నిర్బంధశ్రమ నిషేధమునకై 1930లో జినీవాలో ఆమోదింపబడిన అంతర్జాతీయ ఒప్పందమును భారతదేశము 1954 నవంబరులో ధ్రువీకరించెను. అప్పటికి ఆయన మంత్రి గాడు.

దృష్టికి అందనివారు

గిరి భావములను మెచ్చుకొనువారు సామాన్యముగ ఇచ్చటనే ఆగుదురు. కాని ఆయన ప్రాంతమునందే మరియొక దాస్యముండెను. 1936లో ఒరిస్సా రాష్ట్రము ఏర్పడువరకు విశాఖ మండలములో చేరియుండిన జయపురము సంస్థానపు కొండలలో గోతి అను పద్ధతి నడచెడిది: పెండ్లికో చావుకో కొద్దిపాటి సొమ్ము తీసికొన్న కోందు, పరజ జాతులవాడు ఋణదాత ఇంట ఏండ్ల తరబడి పనిచేయును, ఆ పని వడ్డీకి చెల్లునేగాని అసలు తరుగదు. మైదానమున ఏడాది జీతమునకు కుదిరిన కంబారి, అప్పు తీరక తరువాతి యేడునకును అదే ఇంట కట్టువడును. గూడెం కొండలలో రోడ్డుపనికి కూలి యీయక వెట్టి చేయించిన బాస్టియన్ అను డిప్యూటీ తహసీల్దారు దౌర్జన్యము, 1922–24 నాటి అల్లూరి సీతారామరాజు తిరుగుబాటునకు కారణములలో ఒకటి. ఈ జనులకు బిళ్ళ లేదు, ద్వారము లేదు, సంఘము కట్టుటకు ఒక్కచోట గుమిగూడు కర్మాగారము లేదు. కాగితపు ఒడంబడికయు లేదు. వారిని కట్టినది నోటిమాట, కులము, ఆకలి.

ఒడంబడికను సమిష్టిబేరముచే నిజమైన ఒడంబడికగా మార్చవలెనను గిరి సూత్రము వీరికి చాలలేదు. మద్రాసు ఏజెన్సీలలో ఋణదాస్యమును నిషేధించు రెగ్యులేషను 1940లో, అనగా ఆయన మంత్రివర్గము రాజీనామా చేసిన తరువాత గవర్నరు పాలనలో వచ్చెను. ఇందులకు ఆయనను నిర్దయుడనుట అన్యాయము. ఆయన చూపు వలస పోయినవాని వెంట పోయినది. ఊరుననే మిగిలినవానిని అంతగా వెంబడింపలేదు. దీనికి పోలికగా తెలంగాణమును చూచిన విషయము తేటపడును. నల్లగొండ జిల్లా బొల్లేపల్లిలో భూస్వామి కుటుంబమున పుట్టిన రావి నారాయణరెడ్డికి దాస్యమనగా దేశముఖు గడీ ముంగిట చేయు వెట్టి. అచ్చట బేరమునకు తావే లేదు. అందుచేత 1941లో చిలుకూరున ఆంధ్రమహాసభకు అధ్యక్షుడైన ఆయనకు పరిష్కారము భూమియందు కనబడినది. తన భూమిని సైతము పంచియిచ్చెను. రేవులు, రైళ్లు గల జిల్లాలనుండి వచ్చినవాడు దాస్యమును కూలి ఒప్పందమున వెదకెను. గడీల నడుమ పెరిగినవాడు దానిని నేలలో వెదకెను. ఇరువురును తమ నేలను నమ్మకముగా చదివినవారే. ఇరువురి విద్యయు కలిసియున్న, వెట్టి నిర్మూలనము ఒక తరము ముందుగనే జరిగియుండెడిదని ఈ వ్యాసకర్తకు తోచుచున్నది.

1969 ఆగస్టు 24న రాష్ట్రపతి పదవిని స్వీకరించిన గిరి, ఆ పదవీకాలపు చివరి వేసవిలో దుర్భరమైన స్థితిలో చిక్కుకొనెను. తాను స్థాపకులలో ఒకడైన రైల్వేమెన్ సమాఖ్య జార్జి ఫెర్నాండెజ్ నాయకత్వమున 1974 మే 8న దేశవ్యాప్త సమ్మె ప్రారంభించెను. ప్రభుత్వము వేలకొలది కార్మికులను నిర్బంధించెను; రైల్వే కాలనీలలో క్వార్టర్లనుండి కుటుంబములను వెళ్లగొట్టిరి; మే 27న సమ్మె ముగిసెను. ఇల్లు, ఉద్యోగము ఒకే చేతిలో నుండుటవలన కలుగు దౌర్బల్యము 1927 నాటికిని 1974 నాటికిని మారలేదనియు, కంపెనీ స్థానమున జాతీయ ప్రభుత్వము వచ్చినను ఆ కట్టు సడలలేదనియు ఈ సంఘటన తేటపరచినది. రాజ్యాంగాధినేతగా ఆయన బహిరంగముగ సమ్మెకట్టువారి పక్షమున నిలువలేకపోవుట గిరి జీవితమున అత్యంత వేదనాకరమైన ఘట్టమని చెప్పక తప్పదు.

రాజ్యాంగపు 23వ అధికరణము బేగారును, ఇతర నిర్బంధశ్రమను 1950లోనే నిషేధించినను, దానికి కోరలు వచ్చినది 1975 అక్టోబరు 25న అమలులోనికి వచ్చిన శాసనముతోను, దానిని స్థిరపరచిన 1976 నాటి వెట్టిచాకిరి పద్ధతి రద్దు చట్టముతోను. గిరి అప్పటికి పదవీ విరమణ చేసి, 1975లో భారతరత్న బిరుదు పొందియుండెను. ఈ చట్టము అప్పులను రద్దుచేసి, తాకట్టు వస్తువులను తిరిగి యిప్పించి, విముక్తుల పునరావాస బాధ్యతను జిల్లా మేజిస్ట్రేటుపై నుంచెను. అయినను 1978–79లో గాంధీ శాంతి ప్రతిష్ఠానము, జాతీయ కార్మిక సంస్థ కలిసి జరిపిన సర్వేక్షణ, దేశమున సుమారు 26 లక్షల మంది వెట్టికూలీలు ఇంకను ఉన్నారని అంచనా కట్టినది. వారిలో అత్యధికులు రైల్వే కాలనీలలోగాని, మిల్లులలోగాని లేరు, పొలములలో ఉండిరి. 1974లో నెలకొల్పబడిన ఆ జాతీయ కార్మిక సంస్థకు 1995లో గిరి పేరు పెట్టిరి; అది నోయిడాలో వి.వి. గిరి జాతీయ కార్మిక సంస్థ అను పేర నడచుచు, వెట్టిచాకిరిని, బాలకార్మికతను గూర్చిన పరిశోధనమును, అధికారుల శిక్షణమును నేటికిని సాగించుచున్నది.